బీగాలమ్మ

డోన్ పాతబస్టాండు వీధిలో నిలబడి సుందరలక్ష్మి గారి అంగడి ఎక్కడ అని అడగండి, ఎదుటి మనిషి మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. బీగాలమ్మ అంగడి అనండి, నడిచిపోయేవాడు ఆగి మరీ దారి చూపిస్తాడు. అలాగని ఆమె అమ్మేది బీగాలు కాదు. బిందెలు, టిఫిన్ డబ్బాలు, పెళ్లి సారెలోకి పళ్లేలు అమ్మే స్టీలు సామాన్ల అంగడి ఆమెది. బీగం అంటే తాళం, బీగం చెవి అంటే తాళంచెవి. ఈ సీమలో అది పుట్టిన బిడ్డకు కూడా తెలుసు. ఆ పేరు ఆమెకు ఎలా అతుక్కుందో మాత్రం చెప్పుకోవలసిందే.

సుందరలక్ష్మి నోట్లో నాలుక లేని మనిషి. హోటల్లో కాఫీలో చక్కెర వేయడం మరిచిపోతే, ఆ మాట చెప్పడానికి మొహమాటపడి చేదుగానే తాగి లేచే రకం. బిందె కొనడానికి వచ్చినవాళ్లు బేరం మొదలుపెడితే ఆమెకే సిగ్గేసి తల వంచుకునేది. ఆ అంగడి ఇన్నాళ్లు ఎలా నడిచిందని వీధిలో సాటి వ్యాపారులు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

ఆమె భర్త 'బాలవిడిది' కమిటీలో సభ్యుడుగా ఉండేవాడు. పత్తికొండ వైపు పల్లెల్లో వానలు మొహం చాటేస్తే, దీపావళి దాటగానే కూలీ కుటుంబాలు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే ఊరుగాని ఊరికి కోతలకు పోవడం. గుంటూరు వైపు మిరప చేలల్లో గుడిసెలేసుకుని ఉగాది దాకా అక్కడే ఉంటారు. పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు ఆ ఏటికి చెల్లు. అందుకని ఆ నాలుగైదు నెలలు పిల్లల్ని డోన్‌లో ఉంచుకుని, తిండి పెట్టి బడికి పంపే చిన్న ఆశ్రయం ఈ బాలవిడిది. నలుగురు వ్యాపారులు కలిసి పెట్టినది, పెద్ద పేరేమీ లేనిది.

ఎనిమిదేళ్ల కిందట భర్త గుండెపోటుతో పోయాడు. నెల మాసికం అయ్యాక, ఆయన దగ్గరున్న కాగితాలు అప్పజెప్పి వద్దామని సుందరలక్ష్మి కమిటీ సమావేశానికి వెళ్లింది. అధ్యక్షుడు బసవరాజుకు పప్పుల మిల్లు ఉంది. గొంతు పెద్దది, మనసు మెత్తన. ఆయన ఖాళీ కుర్చీ చూపించి, "అన్న కుర్చీ అట్లనే ఉండాది. కూచో వదినమ్మా" అన్నాడు. కాదనడం ఆమెకు ఎప్పుడు చేతనయింది గనక? కూర్చుంది. అలా కమిటీ సభ్యురాలయింది. అందరూ చెయ్యెత్తితే తానూ ఎత్తేది, దించితే దించేది. మినిట్స్ పుస్తకంలో ఆమె సంతకం ఉందే గాని, ఆమె మాట ఒక్కటి కూడా ఎక్కలేదు.

బీగం చెవుల సంగతి ఆ మరుసటి ఏడు మొదలైంది. ఎర్రదొడ్డి నుంచి గిడ్డమ్మ అనే కూలీ మనిషి ఆరేళ్ల కూతురు అంజలిని తెచ్చి దింపింది. మొగుడు లేడు. ఉన్న ఒక్క బిడ్డనూ వదిలిపోవాలి. గేటు దాకా పోయి వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. చివరికి రవికలోంచి బీగం చెవి తీసి సుందరలక్ష్మి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"బిడ్డా, బీగం చెవీ రెండూ నీ కాడనే శెట్టెమ్మా" అంది.

ఎందుకని సుందరలక్ష్మి అడగలేదు. అడిగే అలవాటే లేదు కదా. ఆ చెవిని విడిది గోడకు మేకు కొట్టించి తగిలించింది. మళ్లీ ఎవరిదో మరిచిపోతామని, అంగడిలో గిన్నెల మీద పేర్లు చెక్కే మిషనుతో ఒక స్టీలు చెంచా మీద 'అంజలి' అని చెక్కి దానికి కట్టింది. తల్లి పేరు కాక బిడ్డ పేరు ఎందుకు చెక్కిందంటే, గిడ్డమ్మ పేరు అప్పటికి ఆమెకు తెలియదు. అంతే, పెద్ద ఆలోచనేమీ లేదు. అది చూసి మిగతా తల్లులూ తమ చెవులు తెచ్చి ఇచ్చారు. పోయినేటికి గోడ మీద ముప్పై ఎనిమిది మేకులు, ముప్పై ఎనిమిది చెంచాలు. గాలి వీస్తే గణగణమని మోగేవి. ఉగాదికి ముందు తల్లిదండ్రులు తిరిగొచ్చి బిడ్డనూ చెవినీ తీసుకుపోతుంటే, ఒక్కో మేకు ఖాళీ అయినప్పుడల్లా సుందరలక్ష్మి గుండెల మీద నుంచి ఒక్కో బరువు దిగేది. ఆఖరి మేకు ఖాళీ అయిన రోజు ఇంటికొచ్చి, ఏడాదికి ఒక్కసారి, తనకోసం పాయసం చేసుకునేది.

అలా సాగిపోతే ఈ కథే లేదు. పోయిన ఉగాదికి బొజ్జన్న అనే అతను ఎర్రదొడ్డిలో ఇల్లు తెరిస్తే, లోపల ఇత్తడి గంగాళం లేదు, రెండు మూటల శనక్కాయలు లేవు. తలుపుకు వేసిన బీగం వేసినట్టే ఉంది. ఊళ్లో విచారించడానికి వచ్చిన పోలీసు, చెవి ఎవరి దగ్గర ఉండేదని అడిగాడు. డోన్ కమిటీ దగ్గర అన్నారు. అతను విడిదికి వచ్చి గోడ మీది మేకులు చూసి, ఏదో రాసుకుని పోయాడు. మళ్లీ రాలేదు. రాకపోయినా పెద్దమనుషులకు రెండు వారాలు నిద్ర లేదు.

కమిటీలో అందరికన్నా చిన్నవాడు, మందుల అంగడి కిరణ్‌కుమార్. తెలివైనవాడు, రూలు తెలిసినవాడు. "మనం పిల్లల్ని చూసుకునేటోళ్లం. ఊరోళ్ల బీగాలు కాసేటోళ్లం కాదు. రేపు ఎవరిదో బంగారం పోయిందంటే మనమే దొంగలమా?" అన్నాడు. మాట సబబుగానే ఉంది. ఇకమీదట బీగం చెవులు తీసుకోరాదని తీర్మానం పెట్టారు. అయిదు చేతులు లేచాయి. అయిదో చెయ్యి సుందరలక్ష్మిది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటున్నామని అప్పుడు వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. ఆమె పేర్ల చెంచాలన్నీ విప్పి అంగడి సొరుగులో పెట్టేసింది.

ఈ ఏడు దీపావళి దాటింది. వార్డెన్ యేసుప్రసాద్ చాపలు దులిపి, దుప్పట్లు ఎండబెట్టి, బియ్యం దించుకుని ఎదురుచూశాడు. ముప్పై ఎనిమిది మంది వచ్చే చోట అయిదుగురు వచ్చారు. ఇంకో వారం చూశారు. అదే అయిదుగురు.

కమిటీలో తలా ఒక కారణం చెప్పారు. బడుల్లో తిండి బాగుపడింది కాబట్టి అన్నారు. జనానికి విశ్వాసం లేదు అన్నారు. మనమే భోజనంలో రుచి తగ్గించామేమో అని బసవరాజు బాధపడ్డాడు. సోమవారం పొద్దున ఎర్రదొడ్డి నుంచి సుగ్గి లారీ బయలుదేరుతోందని, అందులో పిల్లలు కూడా ఎక్కుతున్నారని యేసుప్రసాద్ చెప్పాడు.

"అంజలి కూడానా?" అని సుందరలక్ష్మి అడిగింది. ఎనిమిదేళ్లలో ఆమె సమావేశంలో అడిగిన మొదటి ప్రశ్న అదే.

"ఆ పాప కూడానమ్మా. ఎనిమిదో తరగతి. బడిలో చదువుకు మొదటి పిల్ల" అన్నాడతను.

సోమవారం ఆమె అంగడి తెరవలేదు. తెల్లవారకముందే యేసుప్రసాద్‌ను వెంటపెట్టుకుని, బేరమాడకుండా ఆటో మాట్లాడుకుని ఎర్రదొడ్డి చేరింది. ఊరి ముందర లారీ ఆగి ఉంది. గంపలు, వంట సామాన్లు, జొన్న మూటలు పైకి ఎక్కిస్తున్నారు. మూటల మధ్య పిల్లలు అప్పటికే కూర్చుని ఉన్నారు. వాళ్లలో అంజలి ఒళ్లో పుస్తకాల సంచి పెట్టుకుని కూర్చుంది. సుందరలక్ష్మిని చూసి నవ్వబోయి, తల్లి వైపు చూసి ఆగిపోయింది.

తల్లులు అందరూ మర్యాదగానే పలకరించారు. పిల్లలెందుకు రాలేదంటే మాత్రం ఒకరు జ్వరమన్నారు, ఒకరు మొక్కు అన్నారు, ఒకరు వినపడనట్టు మూట సర్దుకున్నారు. గిడ్డమ్మ ఒక్కతే కొంగు బిగించి ఎదుటికి వచ్చింది.

"మీరే వద్దంటిరి గదా శెట్టెమ్మా. బీగం చెవి పెట్టుకోనోళ్లు బిడ్డనేం పెట్టుకుంటారు?"

"వద్దన్నది చెవినే గిడ్డమ్మా, బిడ్డను కాదు. బొజ్జన్న ఇంట్లో దొంగలు పడిరి గదా. మా మీదికి వస్తుందని…"

గిడ్డమ్మ పకపకా నవ్వింది. చుట్టూ ఆడవాళ్లు కూడా నవ్వారు. సుందరలక్ష్మికి ఏమీ అర్థం కాలేదు.

"దొంగకు బీగం చెవి యాల? ఆ మిద్దె చూడు" అని ఒక మట్టిమిద్దె ఇంటిని చూపించింది. ఇంటి కప్పులో వెలుతురు కోసం విడిచిన గవాచి, అంటే మనిషి దూరేంత రంధ్రం, దాని మీద ఒక బండ. "బండ జరిపితే ఇంట్లో దిగొచ్చు. బొజ్జన్న ఇంట్లోకి అట్లనే దిగినారు. బండ పక్కకు పడుండాది, ఊరంతా చూసినాం. మీ కాడ ఎవరైనా చెవి తీసినారని మేం అనుకుంటిమా? ఒక్క నోరన్నా అన్నిందా?"

డోన్‌లో సిమెంటు స్లాబుల కింద పుట్టిపెరిగిన అయిదుగురు పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా ఆ ఊరికి వచ్చి కప్పు వైపు చూడలేదు. సుందరలక్ష్మికి సిగ్గేసింది.

"మరి దొంగకు అడ్డం కానప్పుడు ఆ బీగం ఎందుకు వేస్తారు? చెవి మాకెందుకు ఇస్తాంటిరి?" అని అడిగింది. ఏడేళ్ల కిందట అడగవలసిన మాట అది.

గిడ్డమ్మ లారీ మీది కూతురి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మొదటి ఏడు నిన్ను నేను యెరగను. బిడ్డను వదిలి పోతాంటే అది ఏడ్చలేదు శెట్టెమ్మా. నువ్వు మళ్లా వస్తావా అని అడిగింది. ఆరేళ్ల పిల్ల. ఏం చెప్పల్ల నేను? ఇంటి చెవి నీ కాడనే పెట్టి పోతాండా, నువ్వు ల్యాకుండా నేను ఇంట్లో అడుగు పెట్టేకి కాదు అని చెప్పినా. అప్పుడు నమ్మింది. అప్పటి నుంచి అందురు పిల్లోళ్లకూ అదే మాట చెప్పుకుంటాండాం. చెవి గోడ మీద కనపడతాంటే వాళ్లకు ధైర్యం. మీరు వద్దంటే, ఇంగేం చెప్పి దింపల్ల?"

సుందరలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడేళ్లు ఆ చెవులను ఆమె వస్తువులనుకుంది. భద్రంగా కాపలా కాసింది, తుప్పు పట్టకుండా తుడిచింది. పిల్లలు పొద్దున బడికి పోతూ ఆ గోడ వైపు ఒకసారి చూసి పోవడం కూడా గమనించింది. ఎందుకు చూస్తారో మాత్రం తెలుసుకోలేదు. తెలియకుండానే చెయ్యెత్తి ఆ ధైర్యాన్ని గోడ మీద నుంచి పీకేసింది.

డ్రైవరు హారను కొట్టాడు. ఎక్కండెక్కండి అని కూలీలను తీసుకుపోయే మేస్త్రీ కేకలు పెడుతున్నాడు. కమిటీని అడగకుండా మాటివ్వకూడదని ఆమెకు తెలుసు. అడిగి వచ్చేలోగా లారీ నంద్యాల దాటుతుందనీ తెలుసు. జీవితంలో మొదటిసారి సుందరలక్ష్మి గొంతెత్తింది.

"కమిటీకి వద్దు! నాకు ఇయ్యండి. నా పేరు మీద పెట్టుకుంటా. ఉగాదికి మీరొచ్చేదాకా నా పానం మాదిరి చూసుకుంటా. పిల్లోళ్లను దింపండి!"

ఆ అరుపుకు యేసుప్రసాదే ఉలిక్కిపడ్డాడు.  మొదట ముందుకు వచ్చింది ఎవరనుకున్నారు? బొజ్జన్న. గంగాళం పోగొట్టుకున్న ఆ బొజ్జన్నే. నడుముకు కట్టుకున్న తోలు సంచిలోంచి బీగం చెవి తీసి, లారీ మీదున్న కొడుకు చేతిలో పెట్టాడు. "దిగురా. శెట్టెమ్మతో పో" అన్నాడు.

ఆ తర్వాత వరస కట్టారు. ఏది ఎవరిదో కలిసిపోతుందేమో అని సుందరలక్ష్మి కంగారుపడుతుంటే, "ఎవరిది వాళ్ల చేతిలోనే ఉండనీలే అవ్వా" అని అంజలి సర్దిచెప్పింది. ఇరవైమూడు మంది పిల్లలు దిగారు. తల్లులు లారీ ఎక్కాక, పిల్లలు గుప్పిళ్లు పైకెత్తి చెవులు చూపించారు. లారీ కదిలింది. యేసుప్రసాద్ ఊళ్లోంచి ఒక ట్రాక్టరు మాట్లాడి తెచ్చాడు. డోన్ వచ్చేదాకా ఆ పిల్లల్లో ఒక్కరు కూడా గుప్పిలి విప్పలేదు.

ఇక కమిటీ. ఆ సాయంత్రమే బసవరాజు మిల్లులో అత్యవసర సమావేశం పెట్టాడు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది. "తీర్మానం మీద నీ సంతకం కూడా ఉండాది గదా వదినమ్మా! అందురం అనుకున్నదాన్ని నువ్వొక్కదానివే తీసెయ్యచ్చునా?"

సుందరలక్ష్మికి పొద్దున్నే అరవడం తేలికయింది గాని, ఆయన కళ్లలోకి చూసి చెప్పడం కష్టంగా ఉంది. అయినా నిలబడి చెప్పింది. గవాచి గురించి చెప్పింది. బండ గురించి చెప్పింది. ఆరేళ్ల పిల్ల అడిగిన ప్రశ్న దగ్గర మాత్రం ఆగి, నీళ్లు తాగి మళ్లీ చెప్పింది. "మన మీద అనుమానమే ఉంటే బొజ్జన్న తన చెవి మళ్లా ఎందుకిస్తాడు? పోగొట్టుకున్నోడే నమ్మినాడు. నమ్మనిది మనమే. తప్పు నాది కూడా. నేనూ చెయ్యెత్తితి."

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ తలలు దించుకున్నారు. చివరికి కిరణ్‌కుమార్ లేచి మినిట్స్ పుస్తకం ముందుకు లాక్కున్నాడు. రాజీనామా రాయమంటాడేమోనని ఆమె భయపడింది.

"చిన్నమ్మా, ఈ ఒక్క ఊరేనా? మిగిలిన ఊర్లలో లారీలు ఎప్పుడు పోతాండాయో తెలుసా?" అని అడిగాడతను. పాత తీర్మానం రద్దు చేస్తున్నట్టు రాసి, మొదటి సంతకం తానే పెట్టాడు. ఎగిరి పడిన బసవరాజు రెండోది పెట్టాడు. "నువ్వు మాట్లాడతావని తెలిస్తే, ఎనిమిదేళ్లు ఊరికే అరిచి గొంతు పాడు చేసుకోకపోదును" అన్నాడు నవ్వుతూ.  మరుసటి రోజు కిరణ్‌కుమార్ తన బండి మీద మిగిలిన రెండు ఊళ్లు తిరిగి, ఇంకో తొమ్మిది మంది పిల్లల్ని చెవులతో సహా తెచ్చాడు, ముందే వచ్చిన అయిదుగురి చెవులూ తెచ్చాడు. సొరుగులోని చెంచాలు మళ్లీ గోడకెక్కాయి. బీగాలమ్మ అనే పేరు పెట్టినవాడు కూడా ఆ కిరణ్‌కుమారే. మొదట్లో ఆమెకు ఉడుకుమోత్తనం వచ్చేది, తర్వాత అలవాటైంది.

ఉగాది వచ్చింది. లారీలు తిరిగి వచ్చాయి. ఊరికి పోకముందే విడిది ముందు ఆగాయి. మిరపఘాటుకు తుమ్ముకుంటూ, పిల్లల్ని ఎత్తుకుంటూ, బీగం చెవులు తీసుకుని అందరూ వెళ్లిపోయారు. రెండు రోజుల్లో ముప్పై ఆరు మేకులు ఖాళీ అయ్యాయి. మిగిలింది ఒక్క చెంచా. దాని మీద పేరు అంజలి.

గిడ్డమ్మ లారీలో రాలేదు. ఆఖరి కోతకు వాన అడ్డం పడిందని, రైలుకు వస్తుందని తోటివాళ్లు చెప్పారు. పండుగ ముందురోజు గుంటూరు బండి వచ్చింది, గిడ్డమ్మ రాలేదు. ఫోను చేస్తే మోగలేదు. సుందరలక్ష్మి అంగడిలో కూర్చోలేక విడిదికి పోయేది, విడిదిలో ఉండలేక స్టేషనుకు పోయేది. బద్వేలులో కాపురమున్న కూతురు సుచరిత ఫోను చేసి పండుగకు రమ్మంటే, "నా కాడ ఒక చెవి ఉండాది, రాలేను" అని పెట్టేసింది. అంజలి మాత్రం గోడకు ఎదురుగా కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. మధ్యమధ్య తలెత్తి మేకు వైపు చూస్తోంది.

"భయంగా ఉండాదా పాపా?" అని సుందరలక్ష్మి అడిగింది. అడిగింది గాని భయం తనదే.

"చెవి ఈడనే ఉండాది గదవ్వా" అంది అంజలి.

పండుగ రోజు పొద్దున, వేపపూత కోసం గేటు దగ్గరికి వచ్చిన సుందరలక్ష్మికి, స్టేషను రోడ్డు మీద నెత్తిన మూటతో పరుగులాంటి నడకతో వస్తున్న మనిషి కనిపించింది. "అమ్మయ్య!" అని గట్టిగానే అంది. అని, అక్కడే గేటు పట్టుకుని ఏడ్చింది. ఇంత బరువు మోశానా అని అది దిగాకే తెలిసింది.

గిడ్డమ్మ మూట దించి, మిరప ఎరుపు దిగిన చేతులతో కూతురి ముఖం తడిమి చూసుకుంది. తల్లీబిడ్డలు తేరుకున్నాక, సుందరలక్ష్మి మేకు మీది చెవిని చెంచాతో సహా తీసి గిడ్డమ్మకు అందించింది.

గిడ్డమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"నాకెందుకిస్తావు శెట్టెమ్మా? ఇంటామెకు ఇయ్యి. నేను బండెక్కినప్పటి నుంచి ఆమె ఎప్పుడు తలుపు తీస్తుందా అని చూస్తాండా."

అంజలి చెవి తీసుకుంది. పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని, "పద మా, ఇల్లు ఊడ్చల్ల" అంటూ ముందు నడిచింది. మూట నెత్తిన పెట్టుకుని తల్లి ఆమె వెనక నడిచింది. సుందరలక్ష్మి వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, ఖాళీ మేకులన్నీ ఒకసారి చేత్తో నిమిరి, పాయసం చేసుకోవడానికి ఇంటికి పోయింది.